బస్తరులో ఒక దినం: బార్సూరు, దంతేవాడ

1323లో ఓరుగల్లు కోట ఢిల్లీ సేనల వశమైనది. బందీగా కొనిపోబడుతూ నర్మదా తీరంలో ప్రతాపరుద్రుడు మరణించినాడని శాసనాలవల్ల తెలుస్తున్నది. తెలుగు పాఠకునికి కాకతీయ కథ అక్కడ ముగుస్తుంది. కాని బస్తరు ప్రజల నోట ఆ కథ అక్కడే మొదలవుతుంది. ప్రతాపరుద్రుని తమ్ముడు అన్నమదేవుడు గోదావరిని, ఇంద్రావతిని దాటి వచ్చి ఈ అడవులలో రాజ్యం స్థాపించినాడనీ, ఆ వంశమే స్వతంత్ర భారతంలో సంస్థానం విలీనమయ్యేదాకా ఏలినదనీ వారు చెప్పుకొంటారు. ఓడిపోయిన ఇంటి వెనుక గుమ్మంలోనుంచి బయటపడ్డ చరిత్ర ఇది. దానిని వెదకికొంటూ ఓరుగల్లు ప్రాంతం నుంచి బస్తరుకు వచ్చే యాత్రికులు ఏటా కొందరుంటారు.

అటువంటి ఒక చిన్న బృందం శీతకాలంలో ఒకనాటి వేకువన జగదల్పురంలో బయలుదేరినది. హనుమకొండలో తెలుగు పండితునిగా పనిచేసి విరమించిన ఒక పెద్దమనిషి, హిందీ ముక్క తెలియని ఆయన అక్కగారు, ఇద్దరు మేనల్లుళ్ళు, అద్దె కారు నడిపేవాడు. దారి చూపడానికి కుదిరిన మనిషి బార్సూరువాడు, హల్బా కులస్థుడు, నలభై ఏళ్ళు దాటినవాడు. వానకాలం పొలం, చలికాలం యాత్రికులు, ఇదీ అతని జీవనం. పండితుని అతడు 'గురూజీ' అన్నాడు, అక్కగారిని 'మాతాజీ' అన్నాడు. ఆమె అతనిని మొదటి పిలుపులోనే 'నాయనా' అన్నది. ఆ మాటకు అర్థం ఎవరూ చెప్పనక్కరలేకపోయినది.

జగదల్పురంలో చూడవలసినవి లేక కాదు కాని, వారు అక్కడ ఎక్కువసేపు నిలువలేదు. దళపతిదేవుని పేర వెలసిన పెద్ద చెరువు, తెల్లని రాచనగరు, నగరుకు ఆనుకొని దంతేశ్వరి గుడి. డెబ్భై అయిదు దినాలు సాగే దసరా ఉత్సవానికి ఇదే రంగస్థలం. పురుషోత్తమదేవుడు పురీ యాత్ర చేసి 'రథపతి' బిరుదంతో తిరిగివచ్చినాడనీ, ఆనాటినుంచి ఇక్కడ దసరాకు రథం లాగుతున్నారనీ ఐతిహ్యం. నగరు మెట్ల దగ్గర దారి చూపే మనిషి కాస్త ఆగి ఒక తేదీ చెప్పినాడు: 1966 మార్చి 25. ఆనాడు ఈ ఆవరణలో పోలీసుల కాల్పులలో చివరి రాజు ప్రవీర్‌చంద్ర భంజ్‌దేవ్, ఆయనతోపాటు అనేకులు ఆదివాసులు ప్రాణాలు కోల్పోయినారు. తల్లి ప్రఫుల్లకుమారీ దేవి ద్వారా ఆయన ఈ గద్దెకు వారసుడు. తండ్రి మయూరభంజ వంశీకుడు. ఇప్పటికీ పల్లెలలో దేవుని పటాల నడుమ ఆయన పటం కనబడుతుంది. దారి చూపే మనిషి ఇంతకు మించి ఏమీ అనలేదు. అతని ఇంటిలోనూ ఆ పటమున్నదని తరువాత మాటలలో తెలిసినది.

జగదల్పురం నుంచి గీదం పోయే బాట బీజాపురం, భోపాలపట్నం మీదుగా సాగి చివరకు నిజామాబాదు చేరుతుంది. తెలుగుదేశానికీ బస్తరుకూ నడుమ నడిచిన మనుషులు, ఉప్పు, ఎడ్లు, దండులు ఈ దిక్కునుంచే వచ్చి ఉండాలి. భోపాలపట్నం వైపున, దక్షిణాన కోంట వైపున నేటికీ ఇళ్ళలో తెలుగు మాట్లాడేవారున్నారు. తోకపాల్ దాటిన తరువాత సాలవృక్షాలు దగ్గరపడినవి. ఇప్పపూలు రాలే కాలం ఇంకా రాలేదు. బాట పక్కన అక్కడక్కడ నిలువురాళ్ళు, రంగులు వేసిన కొయ్యస్తంభాలు కనబడసాగినవి. కొన్నింటిపైన ఏనుగు, గుర్రం, పక్షి, తుపాకి పట్టిన మనిషి. కొన్నింటిపైన ఏమీ లేదు. ఇవి మాడియా గోండులు తమ మృతులకు నిలిపే గుర్తులు.

"వీటిని ఏమంటారు?" అని పండితుడు అడిగినాడు.

"ఉరస్కల్," అన్నాడు దారి చూపే మనిషి. "కల్ అంటే రాయి."

పండితుడు కారు ఆపించి దిగినాడు. ఓరుగల్లులోని కల్లు, ఈ కల్ ఒకే మాట. గోండీకి, తెలుగుకు ఉన్న చుట్టరికం భాషాశాస్త్ర గ్రంథాలలో ఎన్నడో నిర్ణయమైనదే. అయినా ఆ మాటను బాట పక్కన, ఒక రాతి ముందు నిలబడి వినడం వేరు. అన్నమదేవుని కంటె వేల ఏళ్ళ ముందే ఈ అడవికీ ఆ కోటకూ ఒక మాట ఉమ్మడిగా ఉన్నది. రాజులు వచ్చి కొత్తగా తెచ్చిన సంబంధం కాదది. ఈ నిలువురాళ్ళపైన అక్షరం లేదు, తేదీ లేదు. ఎవరి రాయి ఏదో ఆ ఊరివారికి తెలుసు, అంతే. అవి ఒకరికి చదివి వినిపించేందుకు నిలిపినవి కావు.

గీదం దగ్గర బాట ఉత్తరానికి మళ్ళినది. అక్కడనుంచి బార్సూరు ఇంచుమించు ఇరవై కిలోమీటర్లు. ఒకప్పటి రాజధాని ఇప్పుడు ఒక పెద్ద పల్లె. నూట నలభై ఏడు గుడులు, అన్నే చెరువులు ఉండేవని ఊరివారు చెబుతారు. ఆ సంఖ్యను ఎవరూ లెక్కించి రుజువు చేయలేరు గాని, ఏ పొలంలో నాగలి దిగినా రాతిముక్క తగులుతుందని మాత్రం రైతులందరూ ఒప్పుకొంటారు. 1862లో బస్తరు సంస్థానాన్ని గురించి నివేదిక రాసిన ఆంగ్లాధికారి గ్లాస్‌ఫర్డ్ ఈ శిథిలాలను చూసినాడు. అప్పటికి చాలవాటిని అడవి కప్పివేసి ఉన్నది.

మొదట చూపించినది జంట గణపతులను. ఇసుకరాతిలో మలిచిన రెండు విగ్రహాలు. పెద్దది మనిషిని మించిన ప్రమాణం. బార్సూరు బాణాసురుని పురమనీ, అతని కూతురు ఉష, మంత్రి కూతురు చిత్రలేఖ పూజించిన గణపతులు ఇవేననీ కథ. ఉషాపరిణయం తెలుగువారికి కొత్త కాదు. అక్కగారు ఆ రెండు పేర్లు వినగానే మిగిలిన కథ తానే చెప్పడం మొదలుపెట్టినది. చిత్రలేఖ పటం రాయడం, ఉష గుర్తుపట్టడం, అనిరుద్ధుని పాన్పుతో తేవడం. మేనల్లుడు హిందీలోకి మార్చి చెబుతుండగా దారి చూపే మనిషి తల ఊపుతూ విన్నాడు. పురాణాల విషయంలో దుబాసీకి పని తక్కువ. శాసనాల విషయంలో అట్లా కాదు.

మామా-భాంజా గుడి ఎత్తయినది, సన్నని శిఖరం గలది. మామ, మేనల్లుడు ఇద్దరు శిల్పులు ఒక్క దినంలో కట్టినారట. ఇటువంటి కథలు దేశమంతటా ఉన్నవి. రాత్రికి రాత్రి కట్టిన గుడులు తెలుగుదేశంలోనూ తక్కువ లేవు. దానిని విడిచి బృందం ముప్పది రెండు స్తంభాల గుడికి, అనగా బత్తీసా మందిరానికి వచ్చినది. ఇక్కడ నిలిచి చూడవలసినది ఎంతో ఉన్నది. నాలుగేసి చొప్పున ఎనిమిది వరుసలు స్తంభాలు. వాటి వెనుక పక్కపక్కన రెండు గర్భగృహాలు, రెండింటా శివలింగాలు, ఎదుట నున్నని నంది. రాజుకొక శివుడు, రాణికొక శివుడు. 1208లో సోమేశ్వరదేవుని పట్టమహిషి గంగమహాదేవి రెండు శివాలయాలు కట్టించి, ఒకదానికి భర్త పేర వీరసోమేశ్వరమని, రెండవదానికి తన పేర గంగాధరేశ్వరమని నామకరణం చేసి, ఒక గ్రామాన్ని ధారపోసినట్లు బార్సూరులో దొరికిన శాసనం చెబుతున్నది. ఆ జంట గుడులు ఇవేనని చరిత్రకారులు గుర్తిస్తారు. భర్త గుడి ముందు, తనది వెనుక అని ఆమె కట్టించలేదు. రెండూ ఒకే కప్పు కింద, ఒకే వరుసలో ఉన్నవి. ఈ లింగాలు పానవట్టంలో తిరుగుతాయని చెబుతూ దారి చూపే మనిషి ఒకదానిని మెల్లగా తిప్పి చూపినాడు. రాయి రాతిపైన ఒరసుకొన్న చప్పుడు మండపమంతా పాకినది. అక్కగారు దణ్ణం పెట్టుకొని, "చాలు నాయనా, దేవుణ్ణి కదపకు," అన్నది.

ఇంతదాకా వచ్చిన తరువాత పండితుడు తాను అడగదలచినది అడిగినాడు. "ఇక్కడ తెలుగు శాసనం ఒకటి ఉండవలె. చంద్రాదిత్యునిది. ఎక్కడ ఉన్నది?"

దారి చూపే మనిషి అతనిని చంద్రాదిత్య మందిరానికి, ఆ పక్కనున్న పెద్ద చెరువు గట్టుకు తీసుకొనిపోయినాడు. గుడి ఉన్నది, చెరువు ఉన్నది. రాయి లేదు. బార్సూరు శాసనశిలలు ఏనాడో ఊరు దాటి నాగపూరు ప్రదర్శనశాలకు చేరినవి. నాగపూరు మధ్యపరగణాలకు ముఖ్యపట్టణంగా ఉన్నప్పుడు ఇటువంటి వస్తువులన్నీ అక్కడికే పోయేవి. ఆ తరువాత రాష్ట్రాల సరిహద్దులు మారినవి. 1956లో బస్తరు మధ్యప్రదేశ్‌లో మిగిలినది, 2000లో ఛత్తీస్‌గఢ్‌లో చేరినది. నాగపూరు మహారాష్ట్రలో మిగిలిపోయినది. బార్సూరులో పుట్టినవాడు బార్సూరు రాతిని చూడాలంటే నేడు మరొక రాష్ట్రానికి పోవలె.

"రాయి ఉండేదని మా తాత చెప్పేవాడు," అన్నాడు దారి చూపే మనిషి. "దానిమీద నిధి ఉన్న చోటు రాసి ఉన్నదనీ, అందుకే దొరలు తీసుకొనిపోయినారనీ అనేవాడు. అసలు ఏమి రాసి ఉన్నది గురూజీ?"

తాను దారి చూపించవలసిన యాత్రికులను దారి అడిగినట్లయినది. పండితుడు చెరువు గట్టుమీద కూర్చుండి చెప్పినాడు. శకవర్షం 983, అనగా ఇంచుమించు 1060. నాగవంశపు రాజు జగదేకభూషణ ధారావర్షుడు ఏలుతున్న కాలం. ఆయనకు లోబడిన మహామండలేశ్వరుడు చంద్రాదిత్యుడు తెలుగు చోడుడు. కరికాలుని వంశంవారమనీ, కావేరికి నాథులమనీ చెప్పుకొనే చోడ కుటుంబాలు అప్పటికి తెలుగుదేశమంతటా వ్యాపించి ఉన్నవి. వారిలో ఒక కొమ్మ ఈ అడవిదాకా వచ్చినది. చంద్రాదిత్యుడు ఇక్కడ తన పేర శివాలయం కట్టించి, చెరువు తవ్వించి, చెరువుకు 'చంద్రాదిత్య సముద్రం' అని పేరు పెట్టినాడు.

ఆ పేరు విని మేనల్లుళ్ళు ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకొన్నారు. చెరువును సముద్రమనడం ఓరుగల్లు సీమవారికి చెప్పనక్కరలేని అలవాటు. కేసముద్రం రైలుస్టేషను వారికి ఎరుకే. కాకతి గణపతిదేవుని సోదరి మైలాంబ బయ్యారంలో తవ్వించిన చెరువు ధర్మకీర్తి సముద్రం. సముద్రానికి వందల మైళ్ళ దూరాన, నీటికోసం మబ్బువైపు చూసే నేలలో, గట్టు వేసి నిలిపిన నీటికి సముద్రమని పేరు పెట్టుకొన్నవారు ఇక్కడా ఉన్నారు. మైలాంబకు నూట యాభై ఏళ్ళకు పైగా ముందే ఉన్నారు.

ఇక్కడ ఒక సంగతి విడమరచి చెప్పవలసి ఉన్నది. బస్తరులో తెలుగు అన్నమదేవునితో వచ్చినదని సామాన్యంగా అనుకొంటారు. శాసనాలు మరొక మాట చెబుతున్నవి. నాగవంశీయులలో మనకు తెలిసిన తొలి రాజు నృపతిభూషణుడు. ఎర్రకోటలో దొరికిన 1023 నాటి ఆయన శాసనం తెలుగులో ఉన్నది. చంద్రాదిత్యుని శాసనం తెలుగులో ఉన్నది. ఇవి ఓరుగల్లు పతనానికి మూడు శతాబ్దాలు, రెండున్నర శతాబ్దాలు ముందటివి. ఇరవయ్యవ శతాబ్ది తొలి దశకాలలో మధ్యపరగణాల శాసనాలను సేకరించి వివరించిన రాయ్‌బహదూర్ హీరాలాల్ ఒక విశేషం గమనించినాడు: ఇంద్రావతికి ఉత్తరాన దొరికిన శాసనాలు చాలవరకు నాగరలిపిలో, దక్షిణాన దొరికినవి చాలవరకు తెలుగులో ఉన్నవి. రెండు భాషలకు ఈ నది ఎల్ల. ఏలే రాజు మాత్రం ఒక్కడే. ఆ రాజులు భోగవతీపురాధీశ్వరులమని చెప్పుకొన్న ఛిందక నాగులు. దూడతో కూడిన పులి వారి లాంఛనం. వారి మూలాలు కన్నడసీమ సిందవంశంలో ఉన్నవంటారు. కన్నడ మూలం, తెలుగు సామంతుడు, ఉత్తరాన నాగర శాసనం, చుట్టూ గోండీ మాట. అడవి మధ్యలో ఒంటరిగా పడి ఉన్న సీమ అని బస్తరును వర్ణించే అలవాటు ఎక్కడనుంచి వచ్చినదో గాని, పదకొండవ శతాబ్దికి ఆ వర్ణన పొసగదు. ఆనాడు దీనిపేరు చక్రకోటం. రాజేంద్రచోళుని దండయాత్రల పట్టికలో ఈ పేరున్నది. కులోత్తుంగుడు యువరాజుగా ఉన్నప్పుడే చక్రకోటపు రాజునుంచి కప్పం గొన్నానని చెప్పుకొన్నాడు. చాళుక్య విక్రమాదిత్యుడు చక్రకోటాన్ని జయించినాడని బిల్హణుడు తన కావ్యంలో చెప్పినాడు. ఇవతలివారూ ఊరక ఉండలేదు. తాను వేంగిని తగులబెట్టినానని నాగవంశపు సోమేశ్వరుడు కురుస్‌పాల్ శాసనంలో గర్వంగా రాయించినాడు. తెలుగులో శాసనాలు వేయించిన సీమే తెలుగు రాజధానిని తగులబెట్టినదన్నమాట. రాజుల కయ్యాలకు భాష అడ్డు రాలేదు.

దారి చూపే మనిషి ఇదంతా విని చెరువు వైపు చూసినాడు. "నిధి లేదన్నమాట," అని నవ్వినాడు.

ఊరికి ఎగువన ఇంద్రావతి ఏడు పాయలుగా చీలి రాళ్ళపై దూకే చోటు ఉన్నది; సాత్‌ధార్ అంటారు. అవతల అబూజ్‌మాడ్ కొండలు. 2005 తరువాత కొన్నేళ్ళపాటు జరిగిన సంఘర్షణలో ఈ బాటలు యాత్రికులకు మూసుకొనిపోయినవి. దారి చూపే మనిషి ఆ ఏళ్ళలో జగదల్పురంలో ఇటుకల బట్టీలో పనిచేసినాడు. ఆ సంగతి అతడు ఒక్క వాక్యంలో చెప్పి ముగించినాడు. వంతెన మీద కారు కొద్దిసేపు ఆగి వెనుదిరిగినది. దంతేవాడ చేరేసరికి పొద్దు వాలుతున్నది.

దంతేశ్వరి ఆలయంలోకి పురుషులు పంట్లాంతో పోరాదు. వాకిట ధోవతులు ఇస్తారు. మేనల్లుళ్ళు వాటిని కట్టుకొనేందుకు పడిన తంటాలు చూసి అక్కగారు ఆ దినం మొదటిసారి పెద్దగా నవ్వినది. గుడి ముందు గరుడస్తంభం ఉన్నది. దానికి వీపు ఆనించి, చేతులు వెనుకకు చాచి, రెండు చేతుల వేళ్ళు కలిస్తే కోరిక తీరుతుందంటారు. వారిలో పొడుగువాని వేళ్ళు కూడా కలవలేదు. లోపల నల్లరాతి దేవి, ఆరు చేతులు. సతీదేవి దంతం పడిన పీఠమని స్థలపురాణం. నాగవంశీయుల కులదేవత మాణిక్యదేవి పేరు శాసనాలలో ఉన్నది. కొత్త రాజులు పాత రాజుల దేవతనే తమదిగా చేసుకొన్నారని చాలమంది చరిత్రకారుల అభిప్రాయం. రాజ్యం మారినా దేవి తన చోటు విడువలేదు.

ఇక్కడి కథ బస్తరంతటా తెలిసినదే. దేవి అన్నమదేవునికి వరమిచ్చినది: నీవు ముందు నడు, నేను వెనుక వస్తాను, ఎంతదూరం నడిస్తే అంత నేల నీది, వెనుదిరిగి మాత్రం చూడకు. అతడు అందెల చప్పుడు వింటూ నడిచినాడు. శంఖినీ, డంకినీ నదులు కలిసే చోట దేవి పాదాలు ఇసుకలో దిగబడి అందెల చప్పుడు ఆగినది. అతడు వెనుదిరిగి చూసినాడు. ఆమె అక్కడే నిలిచిపోయినది. తరువాత ఆమె తన వస్త్రం పరచినంత మేర అతని రాజ్యమైనదనీ, వస్త్రం నుంచే బస్తరు అనే పేరు వచ్చినదనీ కథకు కొనసాగింపు. వెదురు కింద వెలసిన చోటు కాబట్టి బాఁస్‌తరీ అని ఆ పేరు వచ్చినదని మరికొందరు. కథ ఎట్లున్నా, ఓరుగల్లు నుంచి పారిపోయివచ్చిన మనిషికి వెనుదిరిగి చూడరాదని కట్టడి పెట్టడం, అతడు ఆ కట్టడిని తప్పడం, ఈ రెండూ ప్రజలు ఊరక అల్లినవని తోచదు.

ఈ ఆలయంలోనే బస్తరు చరిత్రకు కీలకమైన రెండు శిలలున్నవి. విక్రమ సంవత్ 1760, అనగా 1703లో దిక్పాలదేవుడు సకుటుంబంగా, పురజనులతో కూడ దంతేశ్వరి యాత్రకు వచ్చినప్పుడు చెక్కించినవి. రచించినవాడు రాజగురువు భగవాన్ మిశ్రుడు, మైథిల బ్రాహ్మణుడు. మొదటి శిల సంస్కృతంలో ఉన్నది. రెండవది అదే విషయం భాషలో, అనగా ఆనాటి తూర్పు హిందీలో. ఛత్తీస్‌గఢీ రచనకు తొలి నమూనా ఇదేనని కొందరంటారు. అందులో మైథిలి, అవధి ఛాయలున్నవని మరికొందరు. రెండవ రాయి ఎందుకు చెక్కవలసి వచ్చినదో మిశ్రుడే కారణం చెప్పినాడు: కలియుగంలో సంస్కృతం చదవగలవారు కొద్దిమందే కాబట్టి రెండవ రాతిపైన భాషలో రాసినాడట. తన మొదటి రచనను చదివేవారు లేరని రాతిమీద ఒప్పుకొన్న కవులు ఎక్కువమంది ఉండరు. ఒక అనువాదం తన అవసరాన్ని తానే చెప్పుకొన్నది. దానికి వినయం కావలె, రాజుగారి ఖర్చుతో మరొక రాయి కావలె. మిశ్రునికి రెండూ సమకూరినవి.

అయితే అతడు ఎంచుకొన్న భాష తెలుగు కాదు. ఓరుగల్లు నుంచి వచ్చినామని చెప్పుకొనే రాజు, మూడువందల ఎనభై ఏళ్ళ తరువాత తన వంశకథను ప్రజలకు తెలియజేయదలచి, మిథిలనుంచి వచ్చిన గురువుచేత తూర్పు హిందీలో రాయించినాడు. ఓరుగల్లు ఆ రాతిమీద 'ఓరంగల్' అయినది. కల్లు అంటే ఏమిటో ఆ రాసినవానికి తెలియనక్కరలేదు. వంశం కూడా మారినది. తెలుగుదేశంలో కాకతీయులు తమ శాసనాలలో దుర్జయుని వంశీకులమన్నారు, కొన్నింటిలో చతుర్థకులజులమన్నారు, కొన్నింటిలో సూర్యవంశమన్నారు. దంతేవాడ రాతిలో వారు చంద్రవంశపు పాండవులు, అర్జునుని సంతతి. తురుష్కుల కారణంగా హస్తినాపురం విడిచి ఓరుగల్లు వచ్చినారట. ఓరుగల్లులో కాకతి ప్రతాపరుద్రుని తమ్ముడు అన్నమరాజు ఆ నగరం విడిచి బస్తరు వచ్చినాడట. జరిగిన ఒక వలసను చూసి, దానికి ముందు మరొక వలసను అదే మూసలో పోసినట్లున్నది. అన్నమరాజు మొదలు దిక్పాలుని దాకా ఆ రాతిపైన కొద్ది పేర్లే ఉన్నవి. మూడువందల ఎనభై ఏళ్ళకు ఆ కొద్ది తరాలు చాలవు. అందుచేత అన్నమదేవుడు నిజంగా ప్రతాపరుద్రుని తోబుట్టువా, లేక ఆ ఇంటికి చెందిన మరొక వీరుడా అన్న సందేహం చరిత్రకారులకు తీరలేదు. బస్తరులో ఆ సందేహం ఎవరికీ లేదు.

మేనల్లుడు ఈ మాటలు చెప్పగా విని అక్కగారు అడిగినది: "అయితే తమ్మీ, వీళ్ళు మనవాళ్ళా, కారా?"

"మనవాళ్ళమని వాళ్ళు రాసుకొన్నారు అక్కా," అన్నాడు పండితుడు.

"రాసుకొన్నారు గద. ఇగ చాలు."

చరిత్రకారునికి అది చాలదు గాని, ఆమె తీర్పును కొట్టివేయడమూ తేలిక కాదు. భాష మరచిన ఒక కుటుంబం ఊరి పేరు మాత్రం మరువలేదు. ఏ గొప్ప వంశాన్నయినా తగిలించుకొనగలిగినవారు ఓడిపోయిన ఒక నగరం పేరును రాతిలో ఎందుకు చెక్కించుకొన్నారన్న ప్రశ్నకు సమాధానం కావలె.

ఆ శిలపైన మరొక సంగతి ఉన్నది. యాత్ర సందర్భంలో వేలకొలది దున్నలను, మేకలను బలియిచ్చినారనీ, ఆ రక్తానికి శంఖిని అయిదు దినాలపాటు ఎర్రని కుసుమ వర్ణంతో పారినదనీ మిశ్రుడు రాసినాడు. కవి అతిశయోక్తి కొంత తీసివేసినా బలులు జరిగినవనడంలో సందేహం లేదు. దారి చూపే మనిషి నది గట్టుకు తీసుకొనిపోయి, తన చిన్ననాట ఈ నది ఎర్రగా పారేదని చెప్పినాడు. అది రక్తం కాదు. ఎగువన బైలాడీలా కొండలలో 1968 నుంచి ఇనుప రాయి తవ్వుతున్నారు. దానిని కడిగిన బురద దశాబ్దాలపాటు ఈ నీటిలో కలిసినది. పల్లెలలో పశువులు ఆ నీరు ముట్టేవి కావు. తవ్విన రాయి కిరందూలు నుంచి కొత్తవలస దాకా కొండలు తొలిచి వేసిన రైలుబాట మీద విశాఖపట్నం రేవుకు, అక్కడనుంచి ఓడలలో విదేశాలకు పోతుంది. దిక్పాలదేవుని నాడు నది అయిదు దినాలు ఎర్రబడినదని రాయడానికి ఒక రాజగురువు ఉన్నాడు. ఈ ఎరుపును గురించి అటువంటి రాయి ఎవరూ చెక్కించలేదు.

దంతేవాడలో దొరికిన మరొక పాత శాసనాన్ని కూడా చెప్పకుండా ఈ దినాన్ని ముగించరాదు. దానిని వేయించినది రాజభూషణ మహారాజు చెల్లెలు మాసకదేవి. పట్టాభిషేకం వంటి సందర్భాలలో రాజోద్యోగులు రాబడికోసం రైతులను బాధిస్తున్నందున, పంచమహాసభలు, రైతులు కూడి ఒక కట్టడి చేసినారు: అటువంటి సొమ్ము ఊరిలో చిరకాలంగా నివసించే వారినుంచే తీసికొనవలె. తప్పినవారు చక్రకోట ప్రభువుకు, మాసకదేవికి ద్రోహులు. గుడిని గురించి గాని, విజయాన్ని గురించి గాని ఇందులో ఒక్క మాట లేదు. పన్ను వసూలు చేసేవాని చేయి పట్టుకొని ఆపడానికి ఒక రాచబిడ్డ రాయి నిలిపినది. యాత్రికులకు చూపించే పట్టికలలో దీని పేరుండదు. దారి చూపే మనిషి కూడా దీనిని ఎన్నడూ వినలేదు. విన్న తరువాత, ఆమె పేరు మళ్ళీ చెప్పుమని అడిగి రెండుసార్లు పలికి చూసుకొన్నాడు.

చీకటి పడుతున్నది. సంగమం దగ్గర ఇసుకలో అక్కగారు చెప్పులు చేతబట్టుకొని కొద్దిదూరం నడిచి, నీళ్ళు తల మీద చల్లుకొని వచ్చినది. కారు దగ్గర దారి చూపే మనిషి జేబులోనుంచి చిన్న నోటుపుస్తకం తీసినాడు. యాత్రికుల ఫోన్ నంబర్లు, బాడుగ లెక్కలు అందులో ఉన్నవి. ఒక ఖాళీ పుట తెరచి, చెరువు గట్టుమీద చెప్పిన సంగతి మరొకసారి చెప్పుమన్నాడు. రేపు వచ్చేవారికి చెప్పవలె గదా అన్నాడు.

పండితుడు నెమ్మదిగా హిందీలో చెప్పసాగినాడు. అతడు నాగరలిపిలో పెద్ద పెద్ద అక్షరాలతో రాసుకొన్నాడు. శకవర్షం 983. ధారావర్షుడు రాజు. చంద్రాదిత్యుడు గుడి కట్టించినాడు, చెరువు తవ్వించినాడు. చెరువు పేరు చంద్రాదిత్య సముద్రం.

రాయడం ఆపి అతడు అడిగినాడు. "తవ్వినవాళ్ళ పేర్లు రాసి ఉన్నాయా గురూజీ?"

"లేవు."

అతడు ఒక క్షణం ఆలోచించి, ఆ మాట కూడా కింద రాసుకొని, పుస్తకం మూసి జేబులో పెట్టుకొన్నాడు.